శీతకాలపు దిగులు – డి విటమిను మాత్ర



ఎండ ఎక్కువైనదని తలుపులు మూసికొనుట, వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లుట, గొడుగు లేనిదే గడప దాటకుండుట మనకు పుట్టినప్పటినుండి తెలిసిన విద్యలు. ఎండ చాలకపోయినచో ఏమి చేయవలయునో మాత్రము మన అమ్మలు గాని అమ్మమ్మలు గాని మనకు నేర్పలేదు. నేర్పవలసిన అవసరము వారికి కలుగలేదు. అట్టి ఎండదేశమునుండి భర్తల వెంట ఉత్తరదేశములకు వచ్చి కాపురములు చేయుచున్న తెలుగు స్త్రీలు నేడు వేలకొలదిగా నున్నారు. వారికిని, స్వదేశమునుండి వారి క్షేమమును కోరుచుండు తల్లులకును, అత్తలకును, అక్కచెల్లెండ్రకును ఒక సంగతి విన్నవింపదలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము స్కాట్లండులోని ఎడిన్‌బరో నగరమున ఒకే పేటలో నివసించు నాలుగు తెలుగు కుటుంబముల గృహిణులము. మన హైదరాబాదు భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 17 డిగ్రీల మీద నున్నది. ఈ యూరు సుమారు 56 డిగ్రీల మీద నున్నది. డిసెంబరు నెల మూడవ వారమున హైదరాబాదులో పగలు సుమారు 11 గంటలుండగా ఇచ్చట 7 గంటలే యుండును. ఉదయము 8-40 దాటినగాని సూర్యుడు కనబడడు. మధ్యాహ్నము 3-40 కెల్ల అస్తమించును. పిల్లలకు దీపము వెలుతురున తల దువ్వి బడికి పంపి, మరల దీపములు పెట్టు వేళకు వారిని ఇంటికి తెచ్చుకొందుము. ఉన్న ఏడు గంటలలోను మబ్బు కమ్మియుండు దినములే హెచ్చు. పుష్యమాసమునకు పూసంత వేసంగి యని మనవైపు సామెత కలదు. ఆ పూసంత వేసంగికై ఇచ్చటివారు కండ్లు కాయలు కాచునట్లు ఎదురుచూతురు.

ఇట్టి చీకటి నెలలలో కొందరికి మనస్సు క్రుంగిపోవును. ఇది చలికి బద్ధకించుట వంటిది కాదు. ఎంత నిద్రించినను నిద్ర తీరదు. అన్నము కంటె తీపి వస్తువుల మీదను, రొట్టెల మీదను ఆశ పెరుగును. ఒళ్లు బరువెక్కును. ప్రియమైన పని గూడ రుచింపదు. వసంతము రాగానే మబ్బు విడినట్లు తగ్గిపోయి, మరుసటి యేడు అదే కాలమునకు తిరిగి వచ్చును. అమెరికాలో నార్మన్ రోసెంతాల్ అను వైద్యుడు తన సహచరులతో కూడి 1984లో ఈ జాడ్యమును వర్ణించి, దానికి సీజనల్ ఎఫెక్టివ్ డిజార్డర్ అని పేరు పెట్టెను. ఆయన ఎండలు కాయు దక్షిణాఫ్రికానుండి న్యూయార్కు నగరమునకు వచ్చి, అచ్చటి శీతకాలమున తన ఉత్సాహము తగ్గుటను తానే గమనించినవాడట. ఎండదేశపు వానికే ఎండ విలువ ముందుగా తెలిసినది కాబోలు.

మా నలుగురిలో చిన్నది రాజమహేంద్రవరపు పిల్ల. పెండ్లియైన రెండవ యేట శ్రావణమాసమున ఇచ్చటికి కాపురమునకు వచ్చినది. వచ్చిన కొత్తలో ఆమె నవ్వు మూడిండ్లకు వినబడెడిది. వినాయకచవితికి పత్రి దొరకక, పార్కులోని ఆకులన్నియు పరీక్షించి, తుదకు కొత్తిమీరతోను పుదీనాతోను పూజ ముగించి, ఆ ముచ్చట చెప్పి మమ్మందరను నవ్వించినది. దీపావళి వరకు బాగుగనే యుండెను. కార్తికము ముగియుసరికి ఆమె యింటి కిటికీ తెరలు తీయుట మానినది. పది గంటలు పడుకొనియు అలసటయే యనును. పిలిచిన పలుకును, పిలువకున్న పలుకదు. సంక్రాంతికి మేము అరిసెలు వండుకొనుచుండగా వచ్చి ఒక మూల కూర్చుండి, పాకము చూడుమన్నను చూడక, గోడవంక చూచుచుండెను.

ఆమె దిగులునకు ఎవరికి తోచిన కారణము వారు చెప్పిరి. అత్తగారు ఫోనులో, "బద్ధకం అలవాటు చేసుకోకమ్మా, ఒకసారి అలవాటైతే పోదు" అని మందలించిరి. కన్నతల్లి దిష్టి తగిలినదని ఉప్పు దిగదుడుచుకొమ్మనెను. భర్త మంచివాడు, భార్య బాధను చూచి యోర్వలేక ఎవరినో విచారించి, దుకాణమునుండి డి విటమిను మాత్రల సీసా తెచ్చి, "ఇక్కడ ఎండ లేక అందరికీ ఇలాగే ఉంటుందట, ఇవి వేసుకో, అంతా సర్దుకుంటుంది" అని ఆమె చేతిలో పెట్టెను. ఆమె వేసికొనుచునే యుండెను. నెల గడచెను. సీసాలో మాత్రలు తగ్గినవి గాని ఆమె దిగులు తగ్గలేదు. ఇంటివారందరును మందు పడుచున్నదిగదా యని నిశ్చింతగా నుండిరి.

ఈ మాత్ర యేమి చేయునో, ఏమి చేయజాలదో మనము తెలిసికొనుట అవసరము. డి విటమినును మన శరీరము ఎండ సాయమున తన చర్మమందే తయారు చేసికొనును. ఆహారమున అది లభించుట స్వల్పము. కొన్ని కొవ్వుగల చేపలందును, గ్రుడ్డులోని పచ్చసొనయందును కొంత కలదు. మన పప్పులందు, కూరలందు లేదనియే చెప్పవచ్చును. ఆహారములోని సున్నపు సత్తువ, అనగా కాల్షియము, శరీరమునకు పట్టి ఎముకలు గట్టిపడుటకు ఈ విటమిను ఉండి తీరవలయును. అది లేనిచో పిల్లల కాళ్లు దొడ్డిగా వంగు రికెట్స్ వ్యాధి కలుగును. పెద్దలకు ఎముకలు మెత్తబడి, నడుమును తొడలును నొప్పిపెట్టి, మెట్లెక్కుట కష్టమగును. మొదటి ప్రపంచయుద్ధానంతరము వియన్నా నగరమున హారియట్ చిక్ అను శాస్త్రజ్ఞురాలు తన తోటి స్త్రీలతో కూడి, రికెట్స్ సోకిన బిడ్డలను కాడ్‌లివర్ నూనె చేతను, వెలుతురు చేతను నయము చేయవచ్చునని చూపెను. ఒక స్త్రీ పసిబిడ్డలకు చేసిన ఈ మేలు మనము స్మరింపదగినది.

మన దేహచ్ఛాయ గలవారికి ఇందు మరియొక చిక్కు కలదు. చర్మమునకు నలుపునిచ్చు పదార్థము మండుటెండనుండి మనలను కాపాడును; కాని అదే పదార్థము వలన లేతయెండలో డి విటమిను తయారగుట ఆలస్యమగును. 1962లోనే గ్లాస్గో నగరమున నివసించు పాకిస్థాను కుటుంబములలో రికెట్స్ కనబడుచున్నదని అచ్చటి వైద్యులు ప్రకటించిరి. ఎండదేశమున నున్నంత మాత్రమున లోటు లేదని తలపరాదు. 2007లో తిరుపతి వైద్యులు ప్రచురించిన పరిశోధనలో పట్టణవాసులకే గాక గ్రామీణులకు గూడ ఈ విటమిను తక్కువగా నున్నట్లు తేలినది. ఇంటిలోనే పొద్దుపుచ్చు స్త్రీల సంగతి చెప్పనక్కరలేదు.

బ్రిటనులో అక్టోబరు మొదలు మార్చి నెల తొలి దినములవరకు కాయు ఎండకు డి విటమినును పుట్టించు బలము లేదు. అందుచేత శరదృతువునందును శీతకాలమునందును ప్రతివారును దినమునకు 10 మైక్రోగ్రాముల మాత్రను వేసికొనుటను ఆలోచింపవలసినదని 2016లో ఆరోగ్యశాఖవారు సలహా యిచ్చిరి. 10 మైక్రోగ్రాములనగా 400 యూనిట్లు. మనవంటి చామనచాయ, నలుపు మేనిఛాయ గలవారు ఏడాది పొడవునను వేసికొనుట మంచిదని చెప్పిరి. ఇది కొవ్వులో కరగునది గావున భోజనముతో వేసికొనిన బాగుగ పట్టును. శాకాహారులు సీసా మీది వ్రాత చదువవలయును. డి3 అనునది సాధారణముగా గొఱ్ఱె ఉన్ని కొవ్వునుండి తీసినది. గొట్టము జెలటిన్‌తో చేసినదైనచో అది జంతువుల చర్మమునుండియు ఎముకలనుండియు వచ్చినది. అది యిష్టములేనివారికి లైకెన్ అనుదాని నుండి తీసిన డి3 గాని, డి2 గాని దొరకును.

ఒక హెచ్చరిక. మన దేశమునుండి బంధువులు ప్రేమతో పంపు పొట్లములలో 60,000 యూనిట్ల మందు తరచుగా వచ్చుచుండును. అది వైద్యుడు పరీక్షించి, వారమునకొక్కసారి, కొన్ని వారములు మాత్రమే వాడుమని వ్రాసి యిచ్చునది. దానిని ఇచ్చటి దినమాత్రవలె ప్రతిదినమును మ్రింగిన ప్రమాదము. వైద్యుడు చెప్పనిదే పెద్దలు దినమునకు 4,000 యూనిట్లను, పదేండ్లలోపు పిల్లలు 2,000 యూనిట్లను మించరాదు. ఏడాది నిండని శిశువులకు ఇంకను తక్కువ. మితిమీరిన రక్తములో కాల్షియము హెచ్చి, దాహము, వాంతులు కలిగి, మూత్రపిండములు చెడును. నీటిలో కరగు విటమినులవలె ఎక్కువైనది వెంటనే బయటికి పోవునని తలపవలదు.

ఇక దిగులు మాట. డి విటమిను తక్కువైనవారిలో దిగులుగలవారు ఎక్కువగా నున్నారని పలు పరిశీలనలలో కనబడినది. అది చూచి, మాత్ర వేసికొనిన దిగులు పోవునని పలువురు తలచిరి. కాని దిగులుపడినవారు ఇల్లు కదలరు; ఇల్లు కదలనివారికి ఎండ తగులదు; ఎండ తగులనివారికి విటమిను తగ్గును. ఏది ముందో, ఏది వెనుకో ఎట్లు తెలియును? దీనిని తేల్చుటకై అమెరికాలో 50 ఏండ్లు దాటిన 18,353 మందిని తీసికొని, కొందరికి దినమునకు 2,000 యూనిట్ల డి విటమినును, కొందరికి అదే రూపముగల ఉత్త మాత్రను ఐదేండ్లకు పైగా నిచ్చి చూచిరి. 2020లో ఫలితమును ప్రకటించిరి. దిగులు జాడ్యము కలుగుటలో గాని, మనస్సు యొక్క స్థితిలో గాని రెండు తెగలకును భేదము కనబడలేదు. వీరు ప్రత్యేకముగా శీతకాలపు దిగులుతో బాధపడువారు కారు. పలువురికి విటమిను లోటు గూడ లేదు. అయినను, మాత్ర ఒక్కటియే మనస్సును లేవనెత్తునని నమ్మియుండుటకు ఆధారము చాలదని దీనివలన తెలియుచున్నది. లోటు మిక్కుటముగా నున్నవారికి ఒళ్లునొప్పులును నీరసమును తగ్గి, ఆ మేరకు ప్రాణము తేలికపడవచ్చును. అది గూడ మేలే. కాని అది వేరు మేలు.

దీనిని మేమిట్లు అర్థము చేసికొంటిమి. సూర్యుడు మన దేహమను ఇంటిలోనికి రెండు వాకిండ్లనుండి వచ్చును. ఒకటి చర్మము, రెండవది కన్ను. చర్మపు వాకిటనుండి వచ్చినవాడు విటమినునిచ్చి ఎముకలను కాపాడును. కంటి వాకిటనుండి వచ్చినవాడు మెదడులోని గడియారమును సరిదిద్దును. తెల్లవారినదని మెదడునకు తెలుపువాడు, నిద్రపుట్టించు మెలటోనిన్ అను హార్మోనును వేళకు ఆపువాడు అతడే. ఆ గడియారము తప్పుటయే శీతకాలపు దిగులునకు ఒక ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. మాత్ర మొదటి వాకిటికి బదులు. రెండవ వాకిటికి బదులు కాజాలదు. అద్దపు కిటికీ కడ కూర్చుండినచో మొదటి వాకిలి మూసికొనును, ఏలయన విటమినును పుట్టించు కిరణములు అద్దమును దాటలేవు. కాని రెండవ వాకిలి తెరచియే యుండును.

కావున శీతకాలమున మొదట చేయవలసినది ఉదయపు వెలుతురును కంటికి చూపుట. మబ్బు పట్టిన ఆకాశమైనను మన ఇంటి దీపములకంటె ఎన్నో రెట్లు వెలుతురునిచ్చును. లేవగానే తెరలు తీయుట, పిల్లలను బడిలో దింపి వచ్చునప్పుడు దగ్గర దారి విడిచి దూరపు దారిన నడచుట, కుట్టుపని గాని చదువు గాని కిటికీ కడ పెట్టుకొనుట డబ్బు లేని వైద్యములు. వానలో నడుచుట ఎట్లనిన, వానకోటున్నది. దిగులు మిక్కుటమైనవారికి 10,000 లక్స్ వెలుతురునిచ్చు ప్రత్యేక దీపమును ప్రతి యుదయము అరగంట సేపు ఎదుట నుంచుకొనుమని వైద్యులు చెప్పుదురు. ఆ దీపమును సూటిగా చూడనక్కరలేదు; కాఫీ త్రాగుచు కూర్చుండిన చాలును. కంటిజబ్బులు గలవారును, మనస్సు ఒకప్పుడు మితిమీరి చెలరేగుచు, ఒకప్పుడు మిక్కిలి క్రుంగుచుండు జబ్బుగలవారును వైద్యునడుగక దానిని వాడరాదు.

మా చిన్నదాని కథ ఇంకను మిగిలియున్నది. సంక్రాంతి వెళ్లిన వారమునకు మాలో ఒకరు పెరుగు తోడుకై ఆమె యింటికి పోగా, ఆమె తోడు గిన్నెలో పోయుచు, "అక్కయ్యా, నేను లేకపోయినా ఈ ఇల్లు ఇలాగే నడుస్తుంది కదూ?" అనెను. అట్టి మాటకు, "ఛ, అవేం మాటలు" అని నోరు మూయించుట సులభము. అక్కయ్య అట్లు చేయలేదు. గిన్నె క్రింద పెట్టి, ఆమె చేయి పట్టుకొని, "చచ్చిపోవాలని అనిపిస్తోందా, అమ్మా?" అని సూటిగా నడిగెను. ఇట్లడిగినచో లేని తలంపు పుట్టునని పలువురు భయపడుదురు. అది సరికాదనియు, అడుగుటయే మేలనియు వైద్యుల మాట. ఆ పిల్ల చాలసేపు ఏడ్చి, "ఒక్కొక్కప్పుడు" అనెను. ఆనాడే భర్తను పిలిపించి, వైద్యురాలికి ఫోను చేయించి, వారు చూచువరకు ఆమెను ఒంటరిగా నుంచక వంతులవారిగా తోడుంటిమి.

వైద్యురాలు ముందుగా రక్తము పరీక్ష చేయించెను. రక్తహీనతయు, థైరాయిడు లోపమును గూడ ఇట్టి అలసటనే కలిగించును గావున వానిని చూడక మనస్సును నిందింపరాదు. థైరాయిడు సరిగానున్నది, డి విటమిను తక్కువగా నున్నది, దానికి తగిన మోతాదు వ్రాసి యిచ్చెను. కాని అంతటితో ముగింపక, దిగులు జాడ్యము వేరుగా నున్నదని చెప్పి, దానికి వేరుగా మందును, ఉదయపు దీపమును, వారమునకొకమారు మాటలతో చేయు చికిత్సను ఏర్పరచెను. మేము చేసినది మిక్కిలి చిన్న పని. ప్రతి యుదయము 10 గంటలకు మాలో ఒకరు పోయి తలుపు తట్టి, ఆమెతో కాలువగట్టు వెంట అరగంట నడచితిమి. ఆమె మాటలాడిన దినమున వింటిమి. ఆడని దినమున ఊరక నడచితిమి. రథసప్తమి నాడు చిక్కుడాకులు దొరకక, పాలకూర ఆకు మీద పరమాన్నము పెట్టి తెచ్చి, "వినాయకచవితికి నేర్చిన విద్యే" అని నవ్వెను. అది మేము రెండు నెలల తర్వాత విన్న మొదటి నవ్వు. మందు చేసెనో, దీపము చేసెనో, నడక చేసెనో, పొడుగైన పగళ్లే చేసెనో విడదీసి చెప్పుట మాకు సాధ్యము కాదు. మరుసటి యేడు మాత్రము సెప్టెంబరు నెలనుండియే మాత్రయు, నడకయు మొదలుపెట్టినది; అక్టోబరున దీపము వెలిగించినది. ఆ యేడు శీతకాలము ఆమెకు బరువుగ గడచినను, భయముగ గడవలేదు.

స్వదేశముననున్న తల్లులారా! అత్తలారా! దూరదేశముననున్న పిల్ల శీతకాలమున ఫోనులో పొడిపొడిగ మాటలాడినచో బద్ధకమనవలదు. "తిన్నావా?" యని అడిగినట్లే "ఇవాళ బయటికి వెళ్లావా? ఎవరితోనైనా మాట్లాడావా?" యని గూడ అడుగుడు. రెండు వారములకు మించి దిగులు వదలకున్నను, బ్రతుకు మీద విసుగు మాట యొక్కటి నోట వెడలినను, వైద్యుని కడకు పంపుడు. బాలెంతరాలైనచో రెండు వారములు గూడ ఆగవలదు. బ్రిటనులో 111 అను నంబరునకు ఫోను చేయవచ్చును, ప్రాణాపాయమున్నచో 999. మన దేశమున 2022లో ప్రారంభమైన టెలిమానస్ వారి 14416 నంబరున తెలుగులోనే మాటలాడవచ్చును.

మాత్ర చిన్నదైనను మంచిది. ఎముకలకొరకు దానిని మరువక వేసికొనుడు, పిల్లలకు వైద్యుడు చెప్పినంత వేయుడు. కాని ఒక మనిషి చేతిలో మాత్ర పెట్టినంత మాత్రమున ఆమె యోగక్షేమముల నడుగు బాధ్యత మనకు తీరినదని తలపవలదు. సీసాలోని మాత్రలను లెక్కించుట తేలిక. ఇంటిలోని ఆడుపడుచు ఎన్ని దినములుగా నవ్వలేదో లెక్కించుట కొంచెము కష్టము. ఆ రెండవ లెక్క తప్పకుండ చూచు గృహములలో ఎంత చీకటి ఋతువైనను సుఖముగా దాటునని మా నమ్మకము.